అమ్మ ఉన్న సంచి

తొంభైల్లో, అమ్మ పోయాక, జహనుమా బస్తీలోని అద్దె ఇంట్లో నాన్న నాకు విశ్వాస ప్రమాణం నేర్పాడు. దేవుడు మనల్ని చేశాడు, ఆయన కుమారుడు మన పాపాల కోసం చనిపోయి మూడో నాడు లేచాడు, మనమూ ఒకనాడు లేస్తామని విడమరిచి చెప్పేవాడు.

"ఇదే శరీరంతోనా?"

"ఇదే. మీ అమ్మను చూడగానే గుర్తుపడతావు."

పదేళ్లకు నాన్న పోయాడు. సమాధుల తోటలో చోటు లేక అమ్మ సమాధినే మళ్లీ తవ్వించాం. తవ్వినతను ఎముకలన్నీ ఏరి చిన్న గోనెసంచిలో వేసి నా చేతికిచ్చాడు.

"గింతే ఉన్నదన్నా. బాపు కాళ్ల కాడ పెడదాం."

ఇప్పటికీ ఆదివారం చర్చిలో విశ్వాస ప్రమాణం చెప్పడానికి అందరితో పాటు లేచి నిలబడతాను. 'శరీర పునరుత్థానం' అన్న చోట నోరు పెగలదు. సందేహించవద్దంటాడు పాస్టరు. ఆ సంచి ఆయన పట్టుకున్నాడా? అందులో అమ్మను నేను గుర్తుపట్టలేదు.