తర్జుమా చేయని మాట

మా కౌన్సెలింగ్ గదిలో గోడకు ఒక పోస్టరుండేది. పసుపుపచ్చ ముఖం, చెవుల దాకా నవ్వు, కింద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ‘నవ్వుతూ ఉండండి’ అని. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. నవ్వు వచ్చేవాళ్లెవరూ ఆ గదికి రారు కదా. ఒకరోజు పీకి పారేద్దామని కుర్చీ కూడా ఎక్కాను. డాక్టరమ్మ చూసి, “ఉండనీ, దాన్ని తిట్టుకుంటూనైనా కొందరు నోరు విప్పుతారు” అంది.

డాక్టరమ్మది సూడాన్. నేను కృష్ణా జిల్లా నుంచి సౌదీలోని అల్ ఖోబర్ వచ్చిన నర్సుని. ఏళ్ల తరబడి వార్డులో పనిచేసి నడుం పోగొట్టుకుంటే, కూర్చుని చేసే పనని నన్ను ఆ గదిలో వేశారు. తెలుగో హిందీయో మాట్లాడే రోగి వస్తే అతని మాట ఆవిడకు ఇంగ్లీషులో, ఆవిడ మాట అతనికి చెప్పాలి. మొదట్లో నాకు ఆ పని మీద గురి లేదు. సూది లేదు, మందు లేదు, ముప్పావుగంట ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే బాధ పోతుందా అనుకునేదాన్ని.

నితాఖత్ చట్టం వచ్చిన ఏడాది మా గదికి మనవాళ్ల రాక ఎక్కువైంది. సౌదీవాళ్లకు తగినన్ని ఉద్యోగాలివ్వని కంపెనీలను ఎరుపు వరసలో పెట్టారు. ఎరుపులో పడ్డ కంపెనీ మనిషికి ఇఖామా రెన్యూ కాదు, ఇఖామా లేకపోతే ఈ దేశంలో ఉండే హక్కు లేదు. గడువులోపల పూచీ పడే వేరే యజమాని, అంటే వేరే కఫీల్ దగ్గరికైనా మారాలి, దేశం విడిచిపోయే ఎగ్జిట్ వీసా వేయించుకుని ఇంటికైనా పోవాలి. రెండింటికీ కాగితాలు కావాలి, ఆ కాగితాలు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పరు. రోడ్ల మీద తనిఖీలు. రొట్టె కొనుక్కోవడానికి కూడా బయటికి రాకుండా గదుల్లో ముడుచుకున్న మగవాళ్లను ఆ ఏడాది ఎందరినో చూశాను.

అతను అప్పుడే వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. ఏసీలు బాగుచేసే పని. అల్ అజీజియాలో నలుగురితో కలిసి గది. నాకంటే ఆరేడేళ్లు చిన్న. గుండె పట్టేసిందని ఎమర్జెన్సీకి పరుగెత్తుకొస్తే ఈసీజీ బాగుంది, రక్తం బాగుంది, మా గదికి పంపారు.

“గుండెకేం కాలేదంటున్నరు సిస్టర్. మరి బండ వెట్టినట్టు ఎందుకైతుంది?” అని అడిగాడు.

ఇంటికి ఫోన్ చేస్తావా అని డాక్టరమ్మ అడిగించింది. రోజూ చేస్తానన్నాడు, భార్యకూ అక్కకూ. ఏం చెబుతావంటే, “మంచిగున్న అని చెప్త” అన్నాడు. కంపెనీ ఎరుపులో పడ్డ సంగతి చెప్పావా అంటే తల అడ్డంగా ఊపాడు. “చెప్తే ఏం లాభం సిస్టర్? ఈడ నేను, ఆడ ఆళ్లు. ఏడ్సుడు తప్ప ఏం చేస్తరు?”

ఆవిడ అతనికి మూడు పనులిచ్చింది. గుండె బరువైనప్పుడల్లా నాలుగు లెక్కబెట్టేదాకా ఊపిరి తీసుకుని, ఆరు లెక్కబెట్టేదాకా వదలడం. దిగులంతా రోజంతా మోయకుండా సాయంత్రం అసర్ నమాజు పిలుపు వినబడ్డాక ఓ అరగంట కేటాయించి, కాగితం మీద రాసి పక్కన పెట్టడం. మూడోది, ఫోన్ చేసిన ప్రతిసారీ ఒక్క నిజం చెప్పడం. అన్నీ అక్కర్లేదు, ఒక్కటి చాలంది. నేను లోపల నవ్వుకుంటూనే తర్జుమా చేశాను.

తర్వాతి వారం వచ్చినప్పుడు అతను కూర్చున్న తీరే వేరుగా ఉంది. అక్కతో, ‘నిన్న బుక్కెడు కూడ తినలే’ అని చెప్పాడట. ఆవిడ ఇంతెత్తున లేచి, కడుపు మాడ్చుకుని సంపాదించమని ఎవరన్నారని అరగంట తిట్టిందట. తిట్టి తిట్టి, చివరికి తన సంగతి బయటపెట్టిందట: బీడీలు చుట్టీ చుట్టీ వేళ్లు తిమ్మిరెక్కి, ఏడాదిగా అన్నం కలుపుకోవడం కూడా కష్టంగా ఉందని. ఇద్దరూ ఏడ్చుకున్నారట. “ఏడ్సినంక మస్తు నిద్రొచ్చింది సిస్టర్” అన్నాడు. వాళ్లమ్మ చిన్నప్పుడే పోతే బీడీలు చుట్టి పెంచింది ఆ అక్కే. అందుకే నన్ను ఎన్నడూ అక్కా అనలేదు. అక్క అంటే ఒక్కతేనట.

వెళ్తూ పోస్టరు వంక చూసి, “గీనికి ఇఖామా ఉన్నట్టుంది, అందుకే నవ్వుతుండు” అన్నాడు. తర్జుమా చేసి చెబితే డాక్టరమ్మ కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. ఆ రోజు నుంచి నాకూ ఆ పని మీద గురి కుదిరింది.

అతని ఇన్సూరెన్స్ కార్డు చెల్లకుండా పోయాక కూడా ఆవిడ ఫైలు లేకుండానే రమ్మంది. ఎగ్జిట్‌కు దరఖాస్తు పెట్టుకున్నాడు. అలా రెండు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం అతని గదివాడొకడు ఆసుపత్రి గేటు దగ్గర నాకోసం నిలబడి ఉన్నాడు.

“వాళ్లక్క సచ్చిపోయింది సిస్టర్. జొరం తలకెక్కిందట. నిన్న కాల్సేసిన్రు. వాళ్ల బావ నాకు ఫోన్ జేసిండు. కాయితం చేతికచ్చేదాంక చెప్పద్దన్నడు. నువ్వు గూడ చెప్పకు.”

ఇది మా గల్ఫ్ గదుల్లో ఆనవాయితీ. చావు కబురు ఎప్పుడూ పక్కమంచం వాడికి వస్తుంది. టికెట్టు చేతికొచ్చాక, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాలేదని చెప్పి ఇల్లు చేరుస్తారు. అసలు మాట ఊరి దారిలో కారులో చెబుతారు. మా నాన్న పోయినప్పుడు హాస్టల్ అమ్మాయిలు నాకూ అలాగే చేశారు. రెండు రోజులు దాచి, నా పెట్టె వాళ్లే సర్ది, విమానం ఎక్కించారు. నాకు మేలే చేశారని అప్పటిదాకా నమ్ముతూ ఉన్నాను. అందుకే ఆ మనిషితో, సరే, చెప్పనులే అన్నాను. కాగితం నాలుగు రోజుల్లో రావచ్చు అనుకున్నాను.

నాలుగు రోజుల్లో రాలేదు. ఆ వారం అతను వచ్చి కూర్చోగానే, “అక్క ఫోన్ల మాట్లాడ్తలేదు” అన్నాడు. గొంతు పోయిందని భార్య చెబుతోందట. “గొంతు వోతే ‘ఊఁ’ అని గూడ అనరాదా సిస్టర్? నేను దినాం నిజం చెప్తున్న. ఆళ్లే ఏమో దాస్తున్నరనిపిస్తుంది. డాక్టరమ్మను అడుగు, ఏం చెయ్యాలెనో.”

ఆ మాట ఉన్నదున్నట్టు ఆవిడకు చెప్పాను. ఆవిడ అతని ముఖంలోకి చూసింది. తర్వాత నాతో నెమ్మదిగా అంది: “భార్యను సూటిగా అడగమను. ఏం చెప్పినా వినడానికి సిద్ధపడి అడగమను. ఇక్కడి నుంచే ఫోన్ చేస్తానంటే మనమిద్దరం పక్కనే కూర్చుంటాం.”

అతను నావైపు చూస్తున్నాడు. “అనవసరంగా ఊహించుకోవద్దంటున్నారు తమ్ముడూ. ఆ ఊపిరి లెక్క మానొద్దంటున్నారు” అన్నాను.

అతను బుద్ధిగా కళ్లు మూసుకుని ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాడు. చెప్పిన దానికీ చేస్తున్న దానికీ పొంతన కుదరక డాక్టరమ్మ నావైపు చూసింది. “తర్వాత అడుగుతాడట” అన్నాను ఇంగ్లీషులో. అలా ఒక్క నిమిషంలో ఇద్దరికీ అబద్ధం చెప్పాను. అన్నేళ్ల నర్సు పనిలో ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వలేదు నేను. ఆ రోజు అంతకన్నా పెద్ద తప్పే చేశాను.

ఆరు వారాలు గడిచాయి. వారం వారం వచ్చాడు. అక్క గురించి అడగడం తగ్గించాడు. డాక్టరమ్మ చెప్పిందన్న నమ్మకంతో, ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఊపిరి లెక్కబెట్టి తోసేస్తున్నానన్నాడు. నిద్ర పడుతోందన్నాడు. కాస్త ఒళ్లు కూడా చేశాడు. ఆవిడ సంతోషించి తన పుస్తకంలో ‘మెరుగుపడ్డాడు’ అని రాసుకుంది. పక్కనే నిలబడి ఆ మాట చదివాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఇన్నాళ్లు దాచి ఇప్పుడెలా చెప్పడం అన్న పిరికితనం పట్టుకుంది. రోజులు గడిచేకొద్దీ అది పెరిగిందే తప్ప తగ్గలేదు.

ఎగ్జిట్ పడిన రోజు నేరుగా ఆసుపత్రికే వచ్చాడు. చేతిలో సంచి. అందులో రెండు చీరలు. “ఒకటి మా ఆమెకు, ఒకటి అక్కకు. ఏది ఎవలకు బాగుంటది సిస్టర్? అక్క జర నల్లగుంటది” అన్నాడు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి వంకాయ రంగు. నేను ఆకుపచ్చది తీసి, అక్కకు ఇది అన్నాను. అతను దాన్ని విడిగా మడిచి పైన పెట్టుకున్నాడు. నేను బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

డాక్టరమ్మకు ఈ సంగతి చెప్పలేదు. చెబుదామనుకుంటూనే ఏళ్లు గడిచాయి. ఇక్కడ వెంట ఉంచుకున్న ఇంట్లోవాళ్లకు తలకింత అని లెవీ పన్ను వచ్చిన ఏడాది ఆవిడ ముందు పిల్లల్ని పంపించేసి, కొన్నాళ్లకు తనూ వెళ్లిపోయింది. వెళ్లే ముందు నా చేయి పట్టుకుని, నీలా తర్జుమా చేసేవాళ్లు నాకు మళ్లీ దొరకరంది.

కానీ అదంతా తర్వాతి మాట; అతను ఊరికి వెళ్లిన పది రోజులకే ఫోన్ చేశాడు. నేను మెట్ల దగ్గర నిలబడి టీ తాగుతున్నాను. నమస్తే లేదు, బాగున్నావా లేదు.

“నీకెర్కేనా సిస్టర్?”

“తెలుసు” అన్నాను.

“ఎన్నొద్దులసంది?”

“కాల్చేసిన మర్నాటి నుంచి.”

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. తిట్టలేదు. ఫోన్‌లో అతని వెనక ఎక్కడో ఆడవాళ్లు మాట్లాడుకుంటూ నవ్వుకోవడం వినబడింది.

“ఈడ అందరి ఏడ్పు అయిపోయింది సిస్టర్. దినాలయినయి, మాసికమయింది. మా బావ పనికి వోతుండు. అక్కతోటి బీడీలు జేసినోళ్లు మల్ల ఆ అరుగు మీదనే కూసొని జేస్తున్రు. నేను ఏడుస్తుంటే, ఇంకెన్నొద్దులు ఏడుస్తవురా, ఊకో అంటున్రు. నాకు ఇప్పుడే సచ్చిపోయింది గద సిస్టర్. నాతోటి ఏడ్సేటోళ్లు ఒక్కలు గూడ మిగల్లే.”

ఊపిరి తీసుకో తమ్ముడూ అనబోయి ఆగాను. క్షమించమని అడగబోయి అదీ మానుకున్నాను. పైనుంచి ఎవరో నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు.

“ఏం చెప్పకు సిస్టర్. జర లైన్ల ఉండు, గంతే” అన్నాడు.

మెట్ల మీద కూర్చున్నాను. అతను ఏడవడం మొదలుపెట్టాడు. నేనూ ఏడ్చాను, అతనికి వినబడేలా.