పెద్ద బండిలో ఖాళీ

మా అత్తకి విశాఖపట్నంలో తుంటి కీలు మార్చాలన్నారు. ఆపరేషన్‌కి ముందే డాక్టరు చెప్పిన జాగ్రత్తలకి నా గుండెల్లో రాయి పడింది. "కూర్చున్నప్పుడు మోకాలు తుంటి కన్నా పైకి లేవకూడదు. వంగకూడదు, మెలి తిరగకూడదు. కీలు జారిందంటే మళ్ళీ కోయాల్సిందే." అరకు ఘాట్ రోడ్డు మలుపులు ఆయన చూసినట్టు లేదు. నేను చూశాను. మా ఆయన పోయాక అరకులో మా ఇంట్లో మిగిలింది అత్తా నేనూ. ఆమె మంచాన పడితే నాకింకెవరూ లేరు.

ఆమెని ఇంటికి తేవడానికి రెండు బండ్లు దొరికాయి. ఒకటి నేను పాఠాలు చెప్పే బడి హెడ్మాస్టరు గారి సెడాన్. రెండోది వేరు కాపురమున్న మా మరిది టూరిస్టులని బొర్రా గుహలకి తిప్పే ఏడు సీట్ల పెద్ద బండి. జాకెట్లకి కొలతలు తీసే టేపు పట్టుకుని రెండింట్లోనూ దూరాను. బడిపిల్లలు చూసి నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

సెడాన్ సీటు మెత్తన. మలుపుల్లో ఊగదు, రోడ్డుని కరుచుకుని పోతుంది. ఘాట్ ఎక్కితే వాంతి చేసుకునే నాలాంటిదానికి అంతకన్నా సుఖం లేదు. కానీ అడుగు నుంచి సీటు జానెడున్నరే. కూర్చుంటే నా మోకాళ్ళే గడ్డం వైపు లేచాయి, కాలు చాపుదామంటే ముందు సీటు తగిలింది. పెద్ద బండిలో సీటు కుర్చీ అంత ఎత్తు. మధ్య వరసంతా ఇచ్చేస్తే అత్త అడ్డంగా కాలు చాపుకుని ఆనుకోవచ్చు. అయితే అది ఎక్కడమే ఒక యజ్ఞం, మలుపుల్లో ఊగుతుంది కూడా. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"సెడాన్‌లోన కూకుంటే నేల మీద కూకున్నట్టే వదినా," అన్నాడు మరిది. తా వలచింది రంభ. అయినా టేపు కూడా అతని మాటే చెప్పింది కాబట్టి పెద్ద బండినే ఖాయం చేశాను.

డిశ్చార్జి రోజు బండి ఆసుపత్రి ముందు ఆగింది. అందులోంచి అత్త చెల్లెలు దిగింది, మా చిన్నత్త. వెనకే ఆమె కూతురు. ఆ వెనక, చర్చిలో అత్త పక్కన కూర్చునే ముసలమ్మలిద్దరు రాగులు విసిరిన చోడిపిండి మూటతో దిగారు. ఖాళీ బండిని కొండ దింపడం మావాళ్ళకి చేతకాదు. దారిన నడిచే మనిషిని ఎక్కించుకోని డ్రైవరుని ఏడాదంతా దెప్పుతారు.

నాకు ఒళ్ళు మండింది. వాకరు, కమోడ్ కుర్చీ పెట్టడానికి వెనక సీట్లు మడిచి రమ్మని మరిదికి వందసార్లు చెప్పాను. కొలిచి కొలిచి చూసుకున్న జాగా అంతా మనుషులతో నిండిపోయింది.

"ఇదేమైనా పెళ్ళి బండా? ఆమెకి కాలు చాపే చోటు కావాలి. మీరంతా బస్సులో రండి," అన్నాను. ముసలమ్మలని కూడా చూడలేదు.

చిన్నత్త అక్క చెంప నిమిరి, పిండి మూట నా చేతికిచ్చి, మిగతావాళ్ళని తీసుకుని బస్టాండుకి నడిచింది. అత్త నా వైపు చూడలేదు.

శృంగవరపుకోట దాకా అంతా బాగానే ఉంది. అత్త కునుకు తీసింది. నేను చేసిందే సరైన పని అనుకున్నాను. ఘాట్ మొదలైంది. మొదటి మలుపుకి అత్త కిటికీ వైపు జారింది. రెండో మలుపుకి ఇటు జారింది, దిండ్లు కింద పడ్డాయి. మరిది ఎడ్లబండిలా నడుపుతున్నాడు, అయినా అంత వెడల్పు సీటులో ఆమెని ఆపడానికి ఏమీ లేదు. నేను సీట్ల సందులో మోకాళ్ళ మీద కూలబడి ఆమె నడుము పట్టుకున్నాను.

"జారతంది," అంది అత్త. మనిషి జారుతోందో, లోపల కీలే జారుతోందో తెలియలేదు. బండి ఆపించాను.

"పక్కన మనుసులుంటే దన్నుగా ఉండీది వదినా," అన్నాడు మరిది, మెల్లగా. ఆ సంగతి నాకు అప్పటికే తెలిసిపోయింది.

చిన్నత్త వాళ్ళెక్కిన బస్సు కోసం ముప్పావు గంట చెట్టు నీడలో ఆగాం. అంత సిగ్గుపడుతూ నేను ఏ బస్సు కోసమూ ఎదురుచూడలేదు. వాళ్ళు దిగకపోతే? ఇప్పుడు మేమెందుకు అంటే? బస్సు కనబడగానే రోడ్డు మధ్యకి వెళ్ళి చెయ్యెత్తాను. చిన్నత్త కిటికీలోంచి నన్ను చూసింది, తర్వాత బండిని చూసింది. కూతురిని తీసుకుని దిగింది. ముసలమ్మలు బస్సులోనే వెళ్ళారు.

కూతురు ఒక తలుపుకి ఆనుకుని పెద్దమ్మ వీపుని ఒడిసి పట్టుకుంది. చిన్నత్త రెండో చివర కూర్చుని అక్క కాలిని ఒళ్ళోకి తీసుకుంది. ప్రతి మలుపుకీ వాళ్ళిద్దరూ ఊగారు, మధ్యలో అత్త కదల్లేదు. నేను ముందు సీటులో వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. అనంతగిరి దాటాక ఉండబట్టలేకపోయాను.

"తప్పయిపోయింది చిన్నత్తా," అన్నాను.

ఆమె తలెత్తలేదు. రెండు చేతులూ అక్క మోకాలి మీదే ఉన్నాయి.

"మలుపు వత్తంది," అంది. "కాలు నా ఒల్లోన ఉంది. నన్ను మాటాడించకు."