పోయిందని ఎవరన్నారు?

ఆ ఇంజనీరింగ్ కాలేజీలో మోటార్ల ల్యాబుకు వచ్చేవాళ్ళు ఒక మాటను గుమ్మం బయటే వదిలి రావాలి. ఆ మాట 'పోయింది'.

మనకు అన్నీ పోతూనే ఉంటాయి కదా! బల్బు పోతుంది, కరెంటు పోతుంది, లెక్కల పరీక్ష పోతుంది, చివరికి మనిషీ పోతాడు. ఎందుకో ఎలాగో ఆలోచించే పని లేకుండా అన్నిటికీ ఒకే మాట, హాయిగా. ఆ హాయే మోటార్ల మాస్టారికి గిట్టదు.

"మాస్టారూ, మోటారు పోయింది" అన్నారా, అయిపోయారే!

"ఎక్కడికి పోయింది? కాళ్ళొచ్చాయా? చెప్పి పోయిందా, చెప్పకుండా పోయిందా?"

పిల్లలు ఘొల్లుమని నవ్వాక అసలు పాఠం మొదలయ్యేది. "కరెంటు ప్లగ్గు దాకా వచ్చిందా? వచ్చింది. స్విచ్చు దాకా? అదీ వచ్చింది. మరెక్కడ ఆగింది? అది పట్టుకో. ఆగిన చోటు తెలిస్తే చుట్టుదారి అదే కనపడుతుంది." పరీక్ష తప్పి మొహం వేలాడేసుకుని వచ్చినవాళ్ళకూ ఇదే మందు. ఏ పాఠం దాకా తెలిసింది, ఎక్కడ ఆగింది? ఏడుద్దామని వచ్చినవాళ్ళు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ వెళ్ళేవారు.

కొత్త కాపురంలో భార్య "ఫ్యాను పోయిందండీ" అంటే ఆమెనూ ఇదే అడిగారట. "మీ బుర్రను తోడు తీసుకుని పోయింది, రెంటినీ వెతికి తెచ్చుకోండి" అందట ఆవిడ. ఆవిడేం తక్కువ తినలేదు లెండి.

మోటారు తిరుగుతుంటే కళ్ళు మూసుకుని వినడం మాస్టారి అలవాటు. లోపల ఏది అరుగుతోందో, ఏది రాసుకుంటోందో చప్పుడును బట్టే చెప్పేసేవారు. అలాంటి మనిషికి వినికిడి మందగించింది. మొదట పిల్లలు గొణుగుతున్నారని కసిరారు. తర్వాత ఇంట్లో కాలింగ్ బెల్లు పాడైందనుకుని విప్పి చూశారు. బెల్లు నిక్షేపంగా ఉంది. అంటే తేడా తన చెవిలోనే.

భార్యతో వెళ్తే చెవి డాక్టరు పరీక్షలన్నీ చేసి, తలొంచుకుని రాసుకుంటూ సంగతి చెప్పారు. మాస్టారి చెవిన పడింది తోక ఒక్కటే, "...పోయింది" అని. ఇక ఆ తర్వాతి మాటలు ఆయనకు అక్కర్లేకపోయాయి. బస్సులో భార్య ఏదో చెబుతూనే ఉంది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకున్నారు. ఇన్నేళ్ళూ అందరినీ "ఎక్కడికి పోయింది" అని నిలదీసిన మనిషి, తన చెవి దగ్గరికి వచ్చేసరికి ఒక్క ప్రశ్న అడగలేదు! దీపం కిందే చీకటంటే ఇదే మరి.

మర్నాడు ల్యాబులో పిల్లల్ని పోగుచేసి చెప్పేశారు. "నా వినికిడి పోయింది. వినపడనివాడికి ఇక్కడేం పని? ఈ వారంతో మానేస్తున్నా."

డౌట్లమ్మ చెయ్యెత్తింది. రోజుకు నాలుగు డౌట్లు అడగందే అన్నం అరగని పిల్ల కాబట్టి ఆ పేరు. కళ్ళనిండా నీళ్ళున్నాయి, అయినా డౌటు డౌటే.

"ఎక్కడికి పోయింది మాస్టారూ?" అని గట్టిగా అరిచింది.

ఆయన మొహం కందగడ్డ అయింది. "ఎకసెక్కాలా?"

"కాదండీ! చప్పుడు ఎక్కడి దాకా వస్తోంది? ఎక్కడ ఆగుతోంది? అలాగే అడగాలని మీరేగా చెప్పారు?"

డాక్టరును ఆ ఒక్క ముక్కా అడగలేదని గుర్తొచ్చి మాస్టారికే సిగ్గేసింది.

"పోయిందని ఎవరన్నారు?"

గుమ్మంలో ఆయన భార్య. పొద్దున్న ఆయన అలిగి ఇంట్లో వదిలేసి వచ్చిన క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. లోపలికొచ్చి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "బిగిసిపోయింది అన్నారు డాక్టరుగారు! బిగిసి...పోయింది! చెవిలోపల బియ్యపుగింజంత ఎముక కదలకుండా బిగిసిందట. దాని వెనక నరం గుండ్రాయిలా ఉందట. బస్సులో చెబుతుంటే మీరు చెట్లు లెక్కపెట్టారు!"

"బిగిసిందా?" మాస్టారి కళ్ళలోకి పాత మెరుపు వచ్చింది. "అయితే... గాలిలోంచి వచ్చే దారి ఒక్కటే మూసుకుంది."

"చుట్టుదారి ఉంది మాస్టారూ, చెవి వెనక ఎముకలోంచి నరం దాకా!" అంటూ డౌట్లమ్మ మోటారు స్విచ్చేసింది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను మోటారు ఒంటికి ఆనించి, పిడి ఆయన చేతికిచ్చింది. ఆయన పిడిని చెవి వెనక నొక్కుకున్నారు. ఏమీ లేదు. కొంచెం పైకి జరిపి కళ్ళు మూసుకున్నారు.

"బేరింగు... గ్రీజు అడుగుతోందర్రా!"

ల్యాబంతా ఒక్కటే కేక. ఆయన ఏడుస్తున్నారు. దాచుకోలేదు కూడా.

భార్య పైటచెంగుతో కళ్ళొత్తుకుని ఆయన చెవిలో గట్టిగా అడిగింది. "మరి ఈ వారంతో మానేస్తున్నానన్నారు?"

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని, వేలిని తన చెవి వెనక ఆనించుకున్నారు.

"ఇంకెక్కడి మానడం? చప్పుడు వచ్చిందే," అన్నారు. "ఇక్కడి దాకా వచ్చింది."