ముద్ద మింగేదాక మాట్లాడొద్దన్నరు

ఆ రోజు పొద్దుగాల పప్పు పొంగుతుంటె మంట తగ్గించి, టిఫిన్ డబ్బాలు సర్దుతున్న. చెవికీ భుజానికీ నడుమ ఫోన్ ఇరికించుకొని మా కంపెనీ ప్యాకింగ్ లైన్ల పనిచేసే పిల్లతోటి మాట్లాడుతున్న. "మేడం, మీరేమంటున్నరో తెలుస్తలేదు" అన్నదా పిల్ల. సిగ్నల్ లేదనుకున్న. గంతట్ల కుడిచేతిల డబ్బా జారి కింద పడ్డది. తీద్దామంటె వేళ్లు వంగలేదు.

మాది పటేల్‌గూడ. పాశమైలారంల ఒక మందుల కంపెనీల ప్యాకింగ్ సూపర్‌వైజర్‌గ చేసేదాన్ని. ఒక కన్ను లేబుళ్ల మీద, ఒక చెవి ఫోన్ మీద, నోటితోటి పిల్లలకు పని చెప్పుడు. "సుజాత ఒక్కతే నలుగురి పెట్టు" అని సార్లు అంటుంటె మురిసేదాన్ని.

డబ్బా చప్పుడుకు మా ఆయన యాదగిరి ఉరికొచ్చిండు. "సుజాతా, మూతి గట్ల వంకర పోయిందేంది?" అన్నడు. ఏం కాలేదు అని చెప్పబోతె నోట్లకెళ్లి మాట రాలేదు, ఒట్టి చప్పుడొచ్చింది.

హాస్పిటల్ల సీటీ స్కాన్ తీసిండ్రు, ఎమ్మారై తీసిండ్రు. డాక్టరమ్మ మా ఆయనతోటి "స్ట్రోక్ వచ్చింది. బ్రెయిన్‌లో క్లాట్ ఉంది. బీపీ టాబ్లెట్ రోజూ వేసుకుంటుందా?" అని అడిగింది. ఆయన నా దిక్కు చూసిండు. గోలి చేతిలకు తీసుకుంటె ఫోన్ మోగేది. గోలి గట్టు మీదనే ఉండిపోయేది. గది చెప్పుదామన్నా నాకు మాట లేదు.

చెంచెడు నీళ్లు తాగిస్తె పొలమారింది. తిండి పోయనీకి ముక్కుల నుంచి కడుపులకు ట్యూబ్ వేసిండ్రు. కొన్ని వారాలకు స్పీచ్ థెరపిస్ట్ మెత్తటి అన్నం మొదలుపెట్టించింది. "చిన్న ముద్ద. గదువ కిందికి వంచాలి. మింగాలి. టీవీ వద్దు, ఫోన్ వద్దు, ముచ్చట వద్దు. ఇంతకుముందు మింగుడు దానంతటదే అయ్యేది. ఇప్పుడు మీరు మనసు పెట్టి చేయాలె" అన్నది. గింత చిన్న పనికి మనసు పెట్టుడేందని లోపల ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చినంక వెలిమెల నుంచి మా ఆయన అక్క, మా వదిన, చూడొచ్చింది. నేను అన్నం తింటున్న. నన్ను చూడంగనే ఆమెకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "ఎట్లున్నవే సుజాతా?" అన్నది. అప్పటికి నాకు జెర మాటలొస్తున్నయి. నోట్ల ముద్ద ఉండంగనే "మంచిగున్న వదినా" అన్న. కొంచెం దగ్గొచ్చింది. గంతే అనుకున్నం.

తెల్లారి నుంచి జ్వరం, ఊపిరాడక ఎగపోత. "ఆస్పిరేషన్ న్యుమోనియా. తిన్నది లంగ్స్‌లోకి పోయింది" అన్నది డాక్టరమ్మ. మళ్లీ ఐసీయూ, మళ్లీ ట్యూబ్. నా పక్క బెడ్‌ మీది ముసలమ్మకూ గదే జబ్బు. ఒక పగటిపూట ఆమె చుట్టూ పరదా గుంజిండ్రు. పరదా తీసేసరికి బెడ్ ఖాళీ. నేను గోడ దిక్కు తిరిగి పండుకుందామనుకున్న. తిరిగే శక్తి లేదు.

నన్ను మాట్లాడిచ్చి తానే గిట్ల చేసిందని వదిన ఇంట్ల గుండెలు బాదుకున్నదంట. నీ తప్పేం లేదని చెప్పే మాట నాకు తిరిగొచ్చేసరికి శానా దినాలు పట్టింది. చెప్పినా ఆమె మనసుల నుంచి అది పోలేదు. ఇప్పటికీ మా ఇంటికొచ్చినప్పుడు నేను తింటుంటె ఆమె లేచి బయటికి పోతది.

జెర కోలుకున్నంక కంపెనీకి పోయిన. లైన్ నడుస్తుంటె లేబుళ్లు చూస్తున్న. పక్క పిల్ల ఏదో అడిగింది. ఆమె దిక్కు తిరిగి చూసేసరికి, ముందర ఏ డబ్బా చూసిన్నో, ఏది చూడలేదో తెల్వలేదు. డబ్బాలు నా ముందర నుంచి పోతనే ఉన్నయి. సారు లైన్ ఆపించి "ఇంట్ల రెస్ట్ తీసుకో అమ్మా" అన్నడు. మెల్లగనే అన్నడు. ఇగ పోలేదు.

ఇప్పుడు వంట మా ఆయననే చేస్తడు. నేను నడిచేటప్పుడు నడుస్త, గంతే. ఎవరన్న పిలిస్తె మొదలు గోడ పట్టుకొని ఆగుత, ఆగినంకనే పలుకుత. అన్నం సగం తినేసరికి సల్లారిపోతది. కుడిచెయ్యి ఇంకా పూర్తిగ రాలేదు. వస్తదని డాక్టరమ్మ కూడ చెప్పలేదు.

మీ ఇంట్ల స్ట్రోక్ వచ్చినోళ్లు ఉంటె, మింగుడు సక్కగుందా లేదా పరీక్ష చేయమని డాక్టర్‌ను అడిగి, ఆ తర్వాతనే నోటికి తిండి పెట్టుండ్రి. వాళ్లు తింటుంటె టీవీ బంద్ చేయుండ్రి, ఏం అడగకుండ్రి. ముద్ద మింగినంక, లోపల ఏమన్న మిగిలిందేమొ నోరు తెరిపిచ్చి చూడుండ్రి. ఎంత ప్రేమున్నా గంతసేపు ఆగుండ్రి.