బ్రేకమ్మ వెనకాల బస్సు

స్కూలు బస్సు తోలే ఆవిడను పిల్లలు బ్రేకమ్మ అనేవారు. కుక్కపిల్ల అడ్డొచ్చినా, కాగితం ఎగిరొచ్చినా బ్రేకు మీద కాలు వేసే మనిషి. ఇన్నేళ్ల సర్వీసులో బండికి గీత పడనివ్వలేదు. అలాంటి మనిషి నలభై దాటాక మారథాన్ పరిగెడతానంటే ఇంట్లోవాళ్లు ముందు నవ్వారు, తర్వాత ఆవిడ మొహం చూసి ఆపుకున్నారు.

ఈ పిచ్చి పట్టించింది కూడా బస్సే. ఊళ్లో ఏటా జరిగే నలభై రెండు కిలోమీటర్ల మారథాన్‌కు స్కూలు బస్సొకటి అద్దెకు వెళ్లేది. పరుగు ఆరు గంటల్లో ముగియాలన్న గడువు లెక్కన మెల్లగా వెనకాల వస్తూ, తను దాటేసి పోటీలోంచి తప్పించినవాళ్ల నంబర్లు తీసుకుని ఎక్కించుకోవడం దాని పని. రెండేళ్లు దాన్ని బ్రేకమ్మే తోలింది. రెండో ఏడు ఎవరో ఒకావిడ ఎక్కి, ముందు సీటు కడ్డీకి తల ఆనించి చివరిదాకా ఏడ్చింది. దీనికింత ఏడుపెందుకని బ్రేకమ్మ విసుక్కుంది గానీ, ఆ ఏడుపు ఆవిడను ఇంటిదాకా వెంటాడింది. మర్నాడు తెల్లారుతూనే వీధి చివరిదాకా పరిగెత్తి, ఆయాసంతో ఎవరిదో గోడ పట్టుకుని నిలబడింది.

అలా మొదలైన పరుగు మానలేదు. మొబైల్ షాపులో పనిచేసే తమ్ముడు మురిసిపోయి పరుగు వాచీ ఒకటి కొనిచ్చాడు. గుండె ఎంత కొట్టుకుంటోందో, ఎంత వేగంగా వెళుతోందో చూసి, మారథాన్ ఎంతసేపట్లో పూర్తిచేస్తుందో ముందే చెప్పే వాచీ అది. పోటీకి వారం ముందు అయిదు గంటల పది నిమిషాలని చెప్పింది. తమ్ముడికి కాళ్లు నేల మీద ఆనలేదు. పరుగు తెల్లవారుజామున అయిదింటికి మొదలవుతుందనీ, అక్క పదీ పదికల్లా ముగింపు గీత దాటుతుందనీ, అందరూ పదింటికే వచ్చి నిలబడాలనీ స్కూలు వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

తమ్ముడి భార్యకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఆమెది ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఉద్యోగం. పోటీ ముందురోజు వంటింట్లో మెల్లగా అంది:

"వదినా, ఇది నీ చిన్న పరుగులు చూసి వేసిన లెక్క. ముప్ఫై కిలోమీటర్లు దాటాక నీ కాళ్లు ఏమంటాయో దానికి తెలీదు. నువ్వెప్పుడైనా ఇరవై రెండు దాటావా?"

దాటలేదు. బ్రేకమ్మ వెళ్లి వాచీని చార్జింగ్‌కు పెట్టింది.

పోటీలో సగం దూరం దాకా అంతా నల్లేరు మీద నడకే. వాచీ అయిదు గంటల అయిదు నిమిషాలని చూపించేసరికి, మరదలికి ఏం చెప్పాలో మనసులో కూర్చుకుంటూ ఇంకాస్త వేగం పెంచింది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఎండ మొహాన కొట్టింది. దిగేటప్పుడు తొడలు వణికాయి. ముప్ఫై దాటిన కాసేపటికి కుడి పిక్క ముడి పడినట్టు బిగుసుకుపోయి, ఆవిడ రోడ్డు పక్క రెయిలింగ్ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడిపోయింది.

అక్కడినుంచి వాచీ మాట మార్చడం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతుందంది. నాలుగు అడుగులు పరుగు, పది అడుగులు నడక. మళ్లీ చూస్తే ముప్పావు గంట. పది దాటింది, పదిన్నర దాటింది. గీత దగ్గర టీచర్లు, పిల్లల తల్లులు, తమ్ముడు నిలబడి ఉంటారు.

అప్పుడు వినిపించింది ఇంజిను చప్పుడు. వెనక్కి తిరగకుండానే ఆవిడకు తెలిసిపోయింది. తను తోలిన బండే. ఈసారి తోలుతున్నది షెడ్డులో అందరూ పెద్దన్న అని పిలిచే పాత డ్రైవరు.

పళ్లు బిగించి పరిగెత్తింది. చప్పుడు కాస్త వెనకబడింది. నడిచింది. చప్పుడు దగ్గరైంది. ఆఖరి మలుపు తిరిగేసరికి దూరంగా రంగుల తోరణం కనబడింది. బస్సు ముందు చక్రం ఆవిడ మోచేతి పక్కకు వచ్చింది. తలుపు తెరుచుకుంది.

"ఎక్కుతావా చెల్లీ?"

"ఇంకా దాటలేదుగా అన్నా."

"దాటలేదు. దాటితే మాత్రం నంబరు అడగాలి."

"అడుగు. స్పీడు మాత్రం తగ్గించకు, నా మీద ఒట్టు."

సరిగ్గా అప్పుడే మణికట్టు మీద వాచీ గిలగిలా కొట్టుకుంది. మారథాన్ పూర్తయిందట, గడువులోపే పూర్తయిందట, అభినందనలట. మలుపుల్లో, ఎత్తైన మేడల మధ్య అది దూరం ఎక్కువగా లెక్కేసుకుంది. తోరణం ఇంకా అర కిలోమీటరు అవతలే ఉంది.

బస్సు కిటికీలు ఒక్కొక్కటే ఆవిడ పక్కనుంచి ముందుకు జరిగాయి. చివరి కిటికీ కూడా దాటింది. పెద్దన్న బండి ఆపాడు. బ్రేకమ్మ కుంటుకుంటూ తలుపు దాకా వెళ్లి, చొక్కాకున్న పిన్నులు తనే తీసి నంబరు ఆయన చేతిలో పెట్టింది. ఎక్కలేదు. ఫుట్‌పాత్ మీదుగా నడిచి వస్తానంది. ఆయన నంబరు జేబులో పెట్టుకుని బండి కదిలించాడు.

గీత దగ్గర అక్కను చూడగానే తమ్ముడు పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. వాచీ చూసి మొహం వెలిగింది.

"అక్కా, గడువులోపే అయిపోయినట్టుంది ఇందులో. నడు, ఇది చూపించి అడుగుదాం. పతకం ఎందుకివ్వరో చూస్తా."

"వద్దురా."

"సాక్ష్యం చేతికుంటే వద్దంటావేంటి?"

"బస్సు నన్ను దాటింది. నేను చూశాను."

వాడు ఇంకేదో అనబోతే మరదలు కళ్లతోనే ఆపింది. వదినను అరుగు మీద కూర్చోబెట్టి, బూట్లు విప్పి, పిక్క ఒత్తడం మొదలుపెట్టింది. నేను ముందే చెప్పానని అంటుందేమోనని బ్రేకమ్మ చాలాసేపు ఎదురుచూసింది. ఆ మాట రాలేదు. అప్పుడొచ్చాయి ఆవిడకు కన్నీళ్లు. మొహం దాచుకోకుండానే ఏడ్చింది. పదింటినుంచి ఎండలో నిలబడ్డ టీచర్లు ఒకరొకరుగా వచ్చి భుజం తట్టారు. వాళ్లలో ఎవరూ టైము అడగలేదు.

సోమవారం డ్యూటీ తప్పలేదు. తొడల నొప్పికి బస్సు మెట్లు వెనక్కి తిరిగి దిగుతుంటే పిల్లలు ఒకటే నవ్వు. ఆవిడా నవ్వింది. సాయంత్రం క్లినిక్‌కు వెళ్లి, నెమ్మదిగా చాలా దూరం పరిగెత్తడం ఎలాగో నేర్పమని మరదలిని అడిగింది. ఆమె ముందు పదిహేను రోజులు కాళ్లకు సెలవివ్వమంది.

విషయం తెలిసి తమ్ముడు ఫోన్ చేశాడు. వచ్చే ఏడు గ్రూపులో ఏ టైము పెట్టమంటావని బెరుగ్గా అడిగాడు.

"బయల్దేరే టైము పెట్టు చాలు," అంది బ్రేకమ్మ.