ఆగని బొటనవేలు

బందరులో మా నెట్ సెంటరుకి వయొలిన్ పట్టుకొచ్చిన మనిషి సంగీతం టీచరుగారొక్కరే. ఊరికే మాట్లాడుతున్నా ఆవిడ కాలి బొటనవేలు తాళం వేస్తూనే ఉండేది. కచేరీల్లో తనకు జోడీగా వీణ వాయించే స్నేహితురాలు హైదరాబాదు వెళ్లిపోయారు. ఆవిడతో కంప్యూటర్లోనే కలిసి వాయించాలని టీచరుగారి పట్టు.

నేలమీద చాప వేసి, మైకు పెట్టి, లైను కలిపాను. కృతి మొదలుపెట్టగానే వీణ వెనకబడింది. ప్రతి ఆదివారం వచ్చేవారు, ప్రతి ఆదివారం తాళం తప్పేది.

“నెట్ స్లో అండీ, ఇది కుదిరే పని కాదు,” అన్నాను ఒక ఆదివారం.

“కుదిరేదే వాయిద్దాం బాబూ!” అని ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె ఆన్ చేశారు. అవతలా అదే శ్రుతి పెట్టించారు. కృతి వదిలేసి, తాళంతో పనిలేని ఆలాపన అందుకున్నారు. కాసేపు వాయించి, కమాను పైకెత్తి జవాబు కోసం ఆగారు. ఎన్నడూ ఆగని బొటనవేలు కూడా ఆగింది.

కాసేపటికి స్పీకర్లోంచి వీణ పలికింది.

“లేటుగా వచ్చింది కదండీ,” అన్నాను.

“రాకుండా పోలేదుగా!” అంటూ కమాను మళ్లీ తీగమీద ఆనించారు.