వత్తులకు చోటు

విజయవాడలో ఒక చిన్న వార్తా చానల్లో నేను గ్రాఫిక్స్ చేస్తాను. అంతకుముందు వన్ టౌన్ బట్టల కొట్ల వెబ్‌సైట్లకు కదిలే బ్యానర్లు చేసేదాన్ని. చానల్లో నాకు పని నేర్పింది మా సీనియర్. చల్లపల్లి వైపు నేతపనివాళ్ల కుటుంబం ఆయనది. చిన్నప్పుడు గళ్ల కాగితం మీద చీర అంచులు గీసిన చెయ్యి.

ఒకరోజు తెర మీద పేర్లు, అంకెలు వేసే మిషన్ పాడైంది. యాజమాన్యం కొత్తది కొననంది. వెబ్ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌తో చేసి చూస్తానన్నాను.

"వెబ్‌పేజీని టీవీలో ఎట్టా వేస్తారండీ?" అని ఇంజనీరు నవ్వాడు.

వేశాను. బ్రౌజర్లో ఆడే యానిమేషన్ నేరుగా న్యూస్ రీడర్ బొమ్మ మీదకెక్కింది. కానీ తెర కింద పేర్లు వచ్చే పట్టీ అంచున తెలుగు వత్తులు తెగిపోయేవి. లక్ష్మి అని కొడితే మ వత్తు మాయం. సీనియర్ రెండు వారాలు నా పక్కనే కూర్చుని ఒక్కో అక్షరం సరిచేయించారు.

"ఇంగ్లీషుకి కింద చోటక్కర్లేదమ్మాయ్. మనకి కావాలి. ముందు చోటు పెట్టు, తర్వాత అందం చూసుకుందువుగాని" అనేవారు.

ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే, ఇంకో పని చేశాను. రిపోర్టరు ఫోన్లో టైపు చేస్తే పట్టీ దానంతటదే తెర మీదకు వచ్చేలా అమర్చాను. కృష్ణకు వరదొచ్చిన రోజు, బ్యారేజీ మీద నిలబడ్డ రిపోర్టర్లే నీటిమట్టం అంకెలు మార్చుకున్నారు. మేమిద్దరం గదిలో ఖాళీగా కూర్చుని చూశాం. ఒక్క అక్షరం తెగలేదు. నాకు గర్వంగా ఉంది. ఆయన మాత్రం పనిలేక పక్కన పడి ఉన్న తన కీబోర్డు వైపే చూస్తున్నారు.

వారం తిరక్కుండా మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు. "అంతా దానంతటదే వచ్చేస్తుంటే ఇద్దరెందుకండీ? ఈవిడ ఉంటే చాలు" అన్నాడు ఆయనతో.

ఆయన నా వైపు చూశారు. ఇందులో సగం పని ఆయనదని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. నేను పెన్ను మూత తీస్తూ, పెడుతూ కూర్చున్నాను.

కొన్నాళ్లకు చానల్ కారు మీద పేరు చెరిగిపోతే స్టిక్కరు వేయించడానికి ఆటోనగర్ వెళ్లాను. కొట్లో ఆయన! లారీల మీద అంటించే అక్షరాలు కత్తిరిస్తున్నారు.

"రండి మేడమ్, కూర్చోండి" అన్నారు, నన్నే.

"సార్, ఆ రోజు నేను..."

"లోపల ఉక్కగా ఉందండీ, ఫ్యాను కిందకి రండి. పేరు పాతదేనా, ఏమన్నా మార్చారా?"

"పాతదే సార్."

శుభ్రంగా కత్తిరించి, బుడగలు లేకుండా అంటించి, ఆ వెంటనే పక్క లారీ దగ్గరికి వెళ్లిపోయారు.

మొన్న మా యజమాని ఎవరో అతిథులకు నన్ను చూపించి, "మొత్తం ఒంటిచేత్తో చేసిందండీ ఈవిడ" అన్నాడు. వాళ్లు మెచ్చుకున్నారు. నేను నమస్కారం పెట్టాను.